రాత్రి ఒంటిగంట క్యారేజీ

ప్రశ్న: డాక్టరు గారూ, మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా ఆయనకు 43 ఏళ్లు. మూడేళ్ల నుంచి పాకల వైపు రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా చేస్తున్నాడు. సాయంత్రం ఏడింటికి పోతే పొద్దున ఏడింటికి ఇంటికొస్తాడు. మనిషి ముందుకంటే తక్కువే తింటున్నాడు, అయినా పొట్ట వచ్చింది, తొమ్మిది కిలోలు పెరిగాడు. మొన్న డ్యూటీ దిగి అట్నుంచి అటే పోయి పరీక్ష చేయించుకుంటే ఫాస్టింగ్ షుగర్ 116, మూడు నెలల పరీక్ష 6.1 వచ్చింది. మందులేం ఇవ్వలా, అన్నం తగ్గించమన్నారు. నేను క్యారేజీలో అన్నం తగ్గించి చపాతీలు పెడుతున్నా. రాత్రి ఒంటిగంటకు తింటాడు, తెల్లవారుజామున నాలుగింటికి టీ, బన్ను. తిన్నానని ఫోన్ చేసేదాకా నేనూ మేలుకునే ఉంటా. పగలు ఆయనకు నిద్ర సరిగా పట్టదు, ఎప్పుడూ చిరాకు. మా అత్త దిష్టి అంటుంది. తిండి తగ్గించినా షుగర్ ఎందుకొస్తోంది? ఈ పని మాన్పించమంటారా? అప్పులున్నాయి, పిల్లల చదువులున్నాయి.
(ఒక గృహిణి, ప్రకాశం జిల్లా)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షుగర్ లెక్కల దాకా పోకముందే నా కన్ను "రాత్రి ఒంటిగంటకు తింటాడు" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అని మీరు ఆలోచించారు, పరీక్ష చేసినవాళ్లూ అదే చెప్పారు, కానీ ఏ వేళకు తింటున్నాడని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. నేను ఎక్కువగా ఆ వేళ గురించే రాస్తాను.

ముందు మీ ఆయన్ని ఒక మాట అడగండి. గుంటలో ఆక్సిజన్ ఏ టైంలో పడిపోతుందని. ఒక్క క్షణం ఆలోచించకుండా చెబుతాడు, తెల్లవారుజామున అని. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలో పచ్చటి నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, పొద్దు గూకాక ఆ పని ఆగిపోతుంది, రాత్రంతా రొయ్యా నాచూ అడుగున మట్టీ అన్నీ ఉన్న ఆక్సిజన్ని వాడుకుంటూనే ఉంటాయి, అందుకే సూర్యుడు రాబోయే ముందు అది అన్నిటికంటే తక్కువకు పడుతుంది. ఆ వేళ నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే, నెలల కష్టం గంటలో తేలిపోతుంది. మీ ఆయన రాత్రి నిద్ర మానుకుని కాపలా కాసేది దానికోసమే. ఆ టైంలో గుంటలో మేత వెయ్యమంటే వేస్తాడా? వెయ్యడు. అదే మేత, అదే రొయ్య, కానీ వేళ తప్పి వేస్తే తినకుండా అడుగుకు పోయి కుళ్లి అమ్మోనియా అవుతుందని ఆయనకు తెలుసు. ఇంత బాగా గుంట వేళలు తెలిసిన మనిషి తన కడుపుకి మాత్రం అదే వేళ మేత వేస్తున్నాడు. తప్పు ఆయనది కాదు, మనిషి ఒంట్లో కూడా వేళలున్నాయని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఒంట్లో గడియారం అంటే మాటవరసకు చెప్పే మాట కాదమ్మా, నిజంగానే ఉంది. మీ ఊరి రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టు ఉంటే సాయంత్రం చూడండి, ఆకులు ముడుచుకుంటాయి, చింతచెట్టు కూడా అంతే. వెలుతురు తగ్గింది కాబట్టి ముడుచుకుంటున్నాయని మనం అనుకుంటాం. 1729లో ఫ్రాన్స్‌లో డి మేరాన్ అనే ఆయన ఇలా ఆకులు ముడిచే మొక్కనొకదాన్ని పూర్తి చీకట్లో పెట్టి చూస్తే, ఎండ మొహం చూడకపోయినా పగటివేళకు ఆకులు విప్పుతూ రాత్రివేళకు ముడుస్తూనే ఉంది. అంటే టైం దాని లోపలే ఉంది. మనిషిలోనూ ఇలాంటిదే నడుస్తుంది, 24 గంటలకు కాస్త ఎక్కువగా దాని సొంత చుట్టు ఉంటుంది, రోజూ వెలుతురు చూసి దాన్ని సరిచేసుకుంటుంది. ఈ గడియారాన్ని కణం లోపల నడిపే జన్యువుల సంగతి ఈగల్లో తేల్చినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు.

మీ ఇంటి సమస్య అర్థం కావాలంటే తెలియాల్సింది ఇంకొకటుంది. ఈ గడియారం ఒక్కటి కాదు. పెద్ద గడియారం మెదడు అడుగున, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన ఉంటుంది, సుమారు 20 వేల నాడీకణాల గుంపు, అది కంటికి తగిలే వెలుతురును బట్టి టైం పెట్టుకుంటుంది. కానీ కాలేయంలో, క్లోమంలో, పేగుల్లో, కొవ్వులో, కండల్లో కూడా చిన్న గడియారాలున్నాయి. అవి పెద్దదాని మాట వింటాయి, కానీ తిండి వేళను బట్టి కూడా టైం మార్చుకుంటాయి. జెనీవాలో ఉల్రిక్ షిబ్లర్ బృందం 2000లో చేసిన పరీక్షలో ఇది తేటగా కనపడింది. ఎలుకలు రాత్రి తిరిగి రాత్రే తినే జీవాలు కదా, వాటికి పగలు మాత్రమే తిండి పెడితే కొన్నాళ్లకు వాటి కాలేయం గడియారం తలకిందులైపోయింది, మెదడులోని పెద్ద గడియారం మాత్రం కదల్లేదు. అంటే ఒకే ఒంట్లో ఇంటిపెద్ద ఒక టైం చెబుతుంటే వంటింట్లో ఇంకో టైం నడుస్తోంది. మీ ఆయన పరిస్థితి అదే. పొద్దున బండి మీద ఇంటికొచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడి మెదడుకు "తెల్లారింది" అని చెబుతుంది, ఒంటిగంటకు తెరిచిన క్యారేజీ కాలేయానికి "మధ్యాహ్నమైంది" అని చెబుతుంది.

తక్కువ తిన్నా షుగర్ ఎందుకని అడిగారు కదా. రాత్రి తొమ్మిది, పది నుంచి మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది నిద్రకు సిద్ధం కమ్మని ఒంటికంతా చెప్పే కబురు. ఆ కబురు ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికి కూడా అందుతుంది, అది తన పని తగ్గించుకుంటుంది. ఇంకోపక్క కాలేయం, ఈ మనిషి రాత్రంతా ఏమీ తినడు కదా అన్న లెక్కతో తన దగ్గర దాచిన చక్కెరను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంటుంది. ఇక తెల్లవారబోతుంటే లేవడానికి కావలసిన హార్మోన్లు పెరిగి షుగర్‌ను ఇంకాస్త పైకి తోస్తాయి. ఇలాంటి వేళ చపాతీ వచ్చి పడితే, అందులోంచి వచ్చే చక్కెరను కణాల్లోకి పంపించే ఇన్సులిన్ సరిపడా అందదు. బోస్టన్‌లో ఒక పరీక్షలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అచ్చంగా ఒకే భోజనం పొద్దునా పెట్టి సాయంత్రమూ పెట్టి చూశారు, సాయంత్రం తిన్నప్పుడు రక్తంలో షుగర్ 17 శాతం ఎక్కువగా ఉంది. తిన్నదాన్ని అరిగించుకోడానికి ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరిగి, ఇక చాలు అనిపించే హార్మోన్ తగ్గుతుంది, అందుకే నాలుగింటికి బన్ను మీదకు మనసు పోతుంది. అన్నం మానేసి చపాతీ పెట్టినా ఇవేవీ మారవమ్మా. చపాతీ, అన్నం గొడవకు నేను అంత విలువ ఇవ్వను. మొలగొలుకుల అన్నం మధ్యాహ్నం తినడానికీ, చపాతీలు ఒంటిగంటకు తినడానికీ నన్ను ఎంచుకోమంటే నేను అన్నమే ఎంచుకుంటాను.

ఇది ఎలుకల కబుర్లు, ఊహలు కాదని చెప్పడానికి ఇంకొక్క పరీక్ష చెప్పి ఆపుతాను, ఎందుకంటే మీ ఇంటికి సరిగ్గా సరిపోయేది అదే. అదే బోస్టన్‌లో 2021లో బయటపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న 19 మంది కుర్రవాళ్లను, ఆడపిల్లలను ఒకచోట ఉంచి, నైట్ డ్యూటీ చేసేవాళ్లలాగా రాత్రి మేలుకుని పగలు నిద్రపోయేట్టు చేశారు. సగం మందికి రాత్రి కూడా భోజనం పెట్టారు, మిగతావాళ్లకు పగటివేళ మాత్రమే పెట్టారు. ఎవరి నిద్ర ఎంత, ఎవరి తిండి ఎంత అన్నదాంట్లో తేడా లేదు. రాత్రి తిన్నవాళ్లకు షుగర్ సగటున 6.4 శాతం పెరిగింది, పగలు మాత్రమే తిన్నవాళ్లకు పెరగలేదు. చిన్న పరీక్షే, వయసులో ఉన్నవాళ్ల మీద చేసిందే, అయినా నాకు ఇందులో పెద్ద ఆశ కనపడుతుంది. రాత్రి పని మనచేతిలో లేకపోవచ్చు, రాత్రి తిండి మాత్రం మనచేతిలో ఉంది. కృష్ణపట్నం వైపు షిఫ్టుల్లో చేసేవాళ్లకూ, హైవే మీద లారీలు తోలేవాళ్లకూ, కందుకూరు పక్క బ్యారన్ల దగ్గర పొగాకు కాలుస్తూ రాత్రంతా మంట చూసేవాళ్లకూ నా దగ్గరికొస్తే నేను చెప్పేది ఇదే. నేనూ హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాత్రి రెండింటికి ఆస్పత్రి ఎదురు బండి మీద పరోటాలు తిన్నవాణ్ణే, పొద్దునకు నోరు చేదుగా, కడుపు రాయిలా ఉండేది, అది నిద్ర లేకపోవడం వల్లేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇప్పుడు ఆ పరీక్ష సంగతి. డ్యూటీ దిగి అట్నుంచి అటే పోయి రక్తం ఇచ్చాడని రాశారు, నాలుగింటికి టీ, బన్ను తింటాడని కూడా రాశారు. ఆ రోజు కూడా తిని ఉంటే అది ఫాస్టింగ్ కాదమ్మా. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉంటేనే ఆ 116కు అర్థం ఉంటుంది. డ్యూటీ లేని రోజొకటి చూసుకుని, రాత్రి ఎనిమిదికల్లా తినేసి, నిద్రపోయి, పొద్దున లేచాక మళ్లీ చేయించండి. అలాగని ఊరుకోవద్దు, మూడు నెలల సగటు చెప్పే పరీక్షకు పరగడుపుతో పని లేదు, అందులో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉందని లెక్క, ఆయనకు 6.1 ఉంది. ఈ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, టెన్షన్ పడకండి.

రోజు ఇలా నడిపించి చూడండి. పొద్దున ఏడింటికి రాగానే స్నానం, తరవాత తేలిగ్గా ఏదైనా, రెండు ఇడ్లీలో, గుడ్డుతో చిన్న సంకటి ముద్దో, ఎనిమిదికల్లా పడుకోవాలి. రెండు, రెండున్నరకు లేచాక పెద్ద భోజనం అప్పుడే. అన్నం, పప్పు, ఆకుకూర, చేప ఉంటే చేప, కడుపునిండా తిననివ్వండి, ఆ పూట లెక్కలు కట్టొద్దు. సాయంత్రం ఆరూ ఆరుంబావుకు డ్యూటీకి బయల్దేరే ముందు రెండో భోజనం. చపాతీలు పెట్టాలనుకుంటే ఆ పూట పెట్టండి, పక్కన శెనగలో పెసలో ఉడకబెట్టి పెట్టండి, అవి రాత్రి ఆకలిని ఆపుతాయి. గుంటల దగ్గరికి పోయాక గట్టు మీద ఒక పావుగంట నడిస్తే ఇంకా మంచిది. తరవాత పొద్దున ఇంటికొచ్చేదాకా మంచినీళ్లు. మొదటి పది రోజులు ఒంటిగంటకు ఆకలి తప్పకుండా వేస్తుంది, ఎందుకంటే మూడేళ్లుగా ఆ వేళకు మేత అలవాటు చేశాం, పేగులు ఆ వేళకు ఎదురుచూస్తాయి. నిజంగా తట్టుకోలేకపోతే గుప్పెడు వేరుశెనక్కాయలు, లేకపోతే ఒక ఉడికిన గుడ్డు. బన్ను, బిస్కెట్లు, కూల్‌డ్రింకు మాత్రం వద్దు. మెల్లమెల్లగా ఆ ఆకలే తగ్గుతుంది.

టీ మొత్తం మానమంటే కాపలా మనిషికి అన్యాయం చేసినట్టే. డ్యూటీ మొదట్లో ఒకటి, పన్నెండు ఆ ప్రాంతంలో ఇంకొకటి, చక్కెర లేకుండానో కాస్తతోనో తాగనివ్వండి. ఒంటిగంట దాటాక వద్దు. టీలో ఉండే కెఫీన్ సగం దిగడానికే అయిదారు గంటలు పడుతుంది, నాలుగింటికి తాగిన టీ ఎనిమిదింటికి పడుకున్నప్పుడు ఇంకా ఒంట్లోనే కూర్చుని ఉంటుంది, పగలు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే అయ్యుంటుందని నా అనుమానం.

మిగతా సగం వెలుతురు, వేడి, చప్పుడు. పడుకునే గదికి కిటికీ మీద మందపాటి దుప్పటి కట్టండి, లైటు వేస్తే గాని చెయ్యి కనపడనంత చీకటి ఉండాలి. ఎండాకాలంలో మన పక్క రేకుల ఇల్లయితే పగలు పదకొండు దాటాక పడుకోవడం ఎవరివల్లా కాదు, కప్పు మీద తాటాకో గడ్డో పరిపించండి, కుదిరితే కూలర్ పెట్టండి, ఆ ఖర్చు రేపు మందులకయ్యే ఖర్చు కంటే తక్కువ. ఫోన్ వేరే గదిలో పెట్టాలి. పాలవాడో, చీటీ డబ్బుకొచ్చినవాళ్లో ఆయన్ని లేపుతుంటే అడ్డుపడండి. రాత్రి రెండింటికి పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడితే మనం ఊరుకోం కదా, ఆయనకు పగలు పదకొండు అంటే మనకు అర్ధరాత్రి. పొద్దున ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, టోపీ పెట్టుకుంటే మెదడుకు చేరే వెలుతురు తగ్గుతుంది, నిద్ర తొందరగా పడుతుంది. కానీ కళ్లు మూతలు పడుతుంటే అద్దాలూ వద్దు, బండీ వద్దు. షెడ్డులోనే ఒక అరగంట కునుకు తీసి బయల్దేరమనండి, మీరు ఆ అరగంట ఆగండి. పొద్దున్నే నిద్రమత్తులో బండి నడిపి దెబ్బలతో వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను, ఈ ఉత్తరం మొత్తంలో మీరు వెంటనే అమలు చేయాల్సింది ఇదొక్కటే అన్నా ఒప్పుకుంటాను.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా ఈ జవాబు చూసి రాత్రి భోజనం ఆపేయకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, గుంట గట్టు మీద ఒంటరిగా ఉన్న మనిషికి అది ప్రాణం మీదకు వస్తుంది. ముందు మీ డాక్టరుతో మాట్లాడి, మందు టైం, మోతాదు మార్పించుకున్నాకే తిండి వేళ మార్చండి. ఇంకా, మీ ఆయన పగలు నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు చేస్తుంటే అది వేరే సమస్య, దాన్ని విడిగా చూపించాలి.

పని మాన్పించమంటారా అన్నారు. అప్పులూ పిల్లల చదువులూ ఉన్న ఇంట్లో మానేయండి అని రాయడం నాకు ఒక్క నిమిషం పని, ఆ తరవాత పడేది మీరు. ఎన్నో ఏళ్లు రాత్రి పని చేస్తే షుగర్, గుండె జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజం, క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ కూడా 2007 నుంచీ రాత్రి డ్యూటీని బహుశా క్యాన్సర్‌కు దారితీసేవాటి జాబితాలో పెట్టింది. కాబట్టి జీవితాంతం ఇదే పని అని మాత్రం అనుకోవద్దు. రొయ్య పంట మూడు, నాలుగు నెలలే కదా, ఈ పంట పట్టేదాకా నేను చెప్పినట్టు చేసి, పట్టుబడి అయ్యాక మళ్లీ మూడు నెలల పరీక్ష చేయించండి. గుంటలు ఖాళీగా ఉన్న రోజుల్లో పూర్తిగా పగటి మనిషిగా ఉండమనండి, పొద్దున్నే ఎండలో నడిచి, రాత్రి ఎనిమిదిలోపు తిని పడుకోమనండి. అంకె దిగితే ఇంకో పంట చూడొచ్చు. దిగకపోతే యజమానితో మాట్లాడి పగటి పనికి మారడం గురించి ఇంట్లో కూర్చుని ఆలోచించండి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

దిష్టి సంగతి, మీ అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తీస్తానంటే తీయనివ్వండి, కొడుకు మీద ఆవిడ భయం ఆవిడది. దానితోపాటు ఆ కిటికీకి దుప్పటి కట్టే పని కూడా ఆవిడకే చెప్పండి, పగలు చప్పుడు కాకుండా చూసే మనిషి ఆవిడే అవుతుంది.

ఇక మీ గురించి. ఆయన ఒంటిగంటకు తిన్నానని ఫోన్ చేసేదాకా మేలుకుంటానని రాశారు. పొద్దున పిల్లల బడికి అయిదింటికి లేస్తారనుకుంటాను. అంటే మూడేళ్లుగా ఈ ఇంట్లో నిద్రలేని మనుషులు ఇద్దరు. మీ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండమ్మా, ఆయనతో పాటే పోయి. సాయంత్రం ఆరింటికి ఆయన్ని మీ కళ్లముందు కూర్చోబెట్టి వేడిగా వడ్డించండి, ఏం తిన్నాడో ఎంత తిన్నాడో మీరే చూస్తారు, క్యారేజీ కట్టే పనీ ఉండదు. ఆయన చేతికి నీళ్ల సీసా ఇచ్చి పంపి, పదింటికి ఒక్కసారి ఫోన్ చేయించుకుని, మీరు పడుకోండి.